రాజుగారి పెంకు

ఆ రోజుల్లో నాకు భూమి మీద తిరిగేవాళ్ల కంటే భూమి కింద పడుకున్నవాళ్లంటేనే గౌరవం ఎక్కువ. పైన తిరిగేవాళ్లు ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చేసిన ఆడపిల్ల కనిపిస్తే చాలు, ఆ చదువుకు ఏం ఉద్యోగం వస్తుందని ఆరా తీసేవాళ్లు. కిందివాళ్లు రెండువేల ఏళ్లుగా ఎవరినీ ఏమీ అడగలేదు. అందుకే, కర్నూలులో ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాక, నందికొట్కూరు అవతల పాత సమాధులు తవ్వుతున్నారని, అక్కడ తాత్కాలిక సహాయకురాలిగా రమ్మని ఉత్తరం వచ్చినప్పుడు నాకు స్వర్గద్వారం తెరుచుకున్నంత పనైంది. మా నాన్నకు మాత్రం అది నచ్చలేదు. ఆయన మా చర్చిలో సంఘపెద్ద; ప్రతిదాన్నీ వాక్యంతో సరిచూసుకునే మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "సచ్చిపోయినోళ్లను లేపేది ప్రభువు పని గదమ్మా. ఆయన వచ్చేదాంక ఆగలేవా?" అన్నాడు. నేను ఆగలేకపోయాను. అప్పటికి నా వయసు ఇరవైమూడు. ఆ వయసులో ప్రభువు రాకడ కంటే ఆరున్నర బస్సే ముఖ్యం.

బస్సు దిగి శనగచేల మధ్య రెండు మైళ్లు నడిస్తే పెద్ద మట్టిదిబ్బ వచ్చేది. ఊరివాళ్లు దాన్ని 'పాటిమీద' అంటారు, అంటే పాడుబడ్డ ఊరి చోటని. ఒకప్పుడు అక్కడ ఒక పట్నం ఉండేదట. రోము నుంచి ఓడలు మన తీరానికి మిరియాల కోసం, నూలుబట్టల కోసం వచ్చిపోయే కాలంలో ఆ పట్నం బతికి, తర్వాత ఎప్పుడో ఆరిపోయింది. దిబ్బకు పడమటివైపు గుండ్రంగా పేర్చిన బండరాళ్లు ఉండేవి. ఒక్కో గుండ్రం కింద నాలుగు రాతిపలకలు నిలబెట్టి, పైన మరో పలక మూత వేసిన పెట్టె. అందులో ఎముకలు, కుండలు, ఇనుపకత్తులు. ఇదంతా నేను పరీక్షలో పదహారు మార్కుల జవాబుగా రాశాను. ఎదురుగా చూసినప్పుడు మాత్రం, ఇంత చిన్న పెట్టెలో మనిషిని ఎట్లా పెట్టారబ్బా అన్న సందేహం తప్ప నా బుర్రలో ఇంకేమీ మెదలలేదు.

తవ్వకాలకు అధికారి మా పెద్దసారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, మెత్తటి మనిషి, సర్వీసంతా ఆఫీసు ఫైళ్ల మధ్య గడిపి, ఉద్యోగం ముగిసే ముందు ఎట్లాగో ఒక తవ్వకం సంపాదించుకున్నాడు. ఆయనకు జీవితంలో ఒకే ఒక కోరిక. రోము నుంచి వచ్చిన వస్తువు ఒకటి, చిన్నదైనా సరే, తన చేతిమీదుగా బయటపడాలి. ఆయనతో చదువుకున్నవాళ్లకు తమిళ తీరంలో రోము జాడీలు దొరికాయట. ప్రతి సదస్సులో వాళ్లు ఆ జాడీల బొమ్మలు తెరమీద వేసి చూపిస్తుంటే, ఈయన వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చేది. పొద్దున్నే టోపీ పెట్టుకుని, గొడుగు పట్టుకుని ఒక్కో గుంత దగ్గరికి వచ్చి ఏం దొరికిందని అడిగేవాడు. మేము ఎరుపూ నలుపూ కలిసిన కుండో, తుప్పుపట్టిన కొడవలో చూపిస్తే ముఖం వేలాడేసి, "మనదేనా?" అనేవాడు. రెండువేల ఏళ్ల కిందటి కుండ చేసిన తప్పల్లా మనది కావడమే.

పనికి వచ్చేవాళ్లంతా ఆ ఊరి ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద ఒక యాభై ఏళ్ల మనిషి. అందరూ పెద్దక్క అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. మాది క్రైస్తవుల ఇల్లని మొదటిరోజే ఆరా తీసి, అప్పటినుంచి రోజూ "వందనాలు పాపా" అని పలకరించేది. బడి ముఖం చూడలేదు గానీ మట్టిని చేత్తో పిసికి అది ఎప్పటి మట్టో చెప్పగలదు. నేను పుస్తకంలో ఉన్నట్టు చిన్న తాపీతో, కుంచెతో ఒక్కో పొరను సున్నితంగా గీకుతుంటే కాసేపు చూసి, "తవ్వుతాండావా పాపా, మన్నుకు ముగ్గేస్తాండావా?" అని అడిగింది. మిగతా ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ అవమానం నేను మనసులో పెట్టుకున్నాను. (ఎం.ఏ. చదివినవాళ్లకు మనసులో పెట్టుకోవడానికి చాలా చోటు ఉంటుంది.) కాబట్టి నాలుగో గుంత మొదలుపెట్టిన రోజు ఆమె ఏదో చెప్పబోతే, పని జరిగేటప్పుడు మాట్లాడకూడదని, ఏకాగ్రత చెడిపోతుందని కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె చెప్పబోయింది ఏమిటంటే, ఆ గుంతను ఇదివరకే ఎవరో తవ్వారని. మూతపలక నడిమికి పగిలి ఉంది, మట్టి పిండిలా వదులుగా ఉంది. గుప్తనిధుల పిచ్చి పట్టినవాళ్లు మా వైపు తవ్వని రాయి లేదు. ఇది నాకూ తెలుసు. అయినా నేను ఏకాగ్రతతో ఉన్నాను.

ఆ వదులు మట్టిలోనే అది దొరికింది. అరచేయంత ఎర్రటి కాల్చిన మట్టిముక్క, ఒకవైపు నున్నగా ఉంది. నీళ్లతో తుడిస్తే దానిమీద ఉబ్బెత్తుగా అక్షరాలు కనిపించాయి. ఆర్, ఈ, జీ, ఐ, ఎస్. ఎస్ తర్వాత ముక్క విరిగిపోయింది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే గుంతగట్టు మీద ఉన్నవాళ్లకు వినబడుతుందేమోనని భయమేసింది. రెజిస్. ఇంగ్లీషులో అట్లాంటి మాట నాకు తెలియదు. ఫోనులో సిగ్నలు కావాలంటే మేము తోడిపోసిన మట్టికుప్ప మీదికి ఎక్కాలి. రెండుసార్లు జారి, మూడోసారి ఎక్కి, ఫోను ఆకాశానికి ఎత్తిపట్టి వెతికాను. లాటిన్ మాట అని వచ్చింది. అర్థం: రాజుగారి. నేను మట్టికుప్ప మీదినుంచి దిగానో, దొర్లానో ఇప్పుడు గుర్తులేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ఆ ముక్కకు జానెడు దూరంలో, అదే మట్టిలో, ఒక ప్లాస్టిక్ చెప్పు పట్టీ కూడా దొరికింది. నీలం రంగుది. రోము రాజులు ఏ చెప్పులు తొడుక్కున్నా నీలం ప్లాస్టిక్ చెప్పులు తొడుక్కోలేదని చెప్పడానికి ఎం.ఏ. అక్కర్లేదు. ఎలుక లాక్కొచ్చి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, దాన్ని తీసి మట్టిగంపలో పడేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

పెద్దసారు డేరాలో కూర్చుని సంతకాలు పెడుతున్నాడు. ముక్క ఆయన చేతిలో పెట్టి అర్థం చెప్పాను. టోపీ తీసేశాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. కళ్లజోడు తుడుచుకుని, ఆ కళ్లజోడు పెట్టుకోకుండానే మళ్లీ ముక్కను చూశాడు. ఆ తర్వాత, అధికారిగా తాను అడగాల్సిన ఒకే ఒక ప్రశ్న, చాలా నెమ్మదిగా, జవాబంటే భయపడుతున్నట్టుగా అడిగాడు.

"ఏ మట్టిలో దొరికిందమ్మా?"

"పెట్టె లోపలి మట్టిలో సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆ రెండింటికీ మధ్య ఒక మనిషి నిలబడేంత సందు ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది. ఆ రోజు డైరీలో మట్టి వదులుగా ఉందని రాయలేదు, చెప్పు పట్టీ గురించి అసలే రాయలేదు.

మర్నాటికల్లా సారు కథ అల్లేశాడు. రోము వర్తకుడొకడు తీరంలో దిగి, కృష్ణ ఒడ్డునా, తుంగభద్ర ఒడ్డునా నడుచుకుంటూ ఇక్కడికి వచ్చి, ఈ పట్నపు రాజు కొలువులో చేరి, మా ఎండకు తట్టుకోలేక చనిపోతే, అతన్ని రాజముద్రతో సహా ఇక్కడ పూడ్చిపెట్టారు. (ఎండకు చనిపోవడం వరకు నమ్మదగ్గదే.) పత్రికకు చేరేసరికి ఆ వర్తకుడే రాజయ్యాడు. "నందికొట్కూరు చేలల్లో రోము రాజు సమాధి" అని పెద్దక్షరాలతో వేశారు. ఫోటోలో సారు చెయ్యి, ఆ చేతిలో ముక్క, పక్కన నా ఎడమ మోచేయి వచ్చాయి. మా అమ్మ ఆ మోచేతిని కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. ప్రభువు వచ్చేదాకా ఆగమన్న మా నాన్న ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్లమీద నిలబడి, అది తీసింది మా పాపేనని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పాస్టరుగారు ఇంకో మెట్టు పైకెక్కి, ఆ రోము మనిషి సిలువ దగ్గర కాపలా కాసినవాళ్లలో ఒకడు ఎందుకు కాకూడదని సంఘాన్ని ప్రశ్నించాడు. ఎందుకు కాకూడదో చెప్పగలిగింది నేనొక్కదాన్నే. నేను పాటలపుస్తకంలో తల దూర్చుకుని కూర్చున్నాను.

ఊళ్లో అందరికంటే ఎక్కువ మారిపోయింది మాజీ. ఆయన ఆ ఊరి మాజీ సర్పంచి. ఎప్పుడో దిగిపోయినా అందరూ ఆ మాటనే పేరుగా పిలిచేవాళ్లు. సమాధుల పక్కన ఉన్న బీడంతా ఆయనదే. దాన్ని ఇళ్లస్థలాలుగా కోయాలని రాళ్లు కూడా నాటించాడు. మొదట్లో రోజూ మోటారుసైకిలు మీద వచ్చి, ఏమీ దొరకలేదు గదా అని అడిగి, దొరకలేదంటే సంతోషంగా వెళ్లిపోయేవాడు. ఏదైనా దొరికితే ప్రభుత్వం భూమి లాక్కుంటుందని ఆయన భయం. రాజు వార్త వచ్చిన మూడోరోజుకు రోడ్డు మలుపులో ఇంత ఎత్తు ఫ్లెక్సీ లేచింది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోము సైనికుడు, ఇంకోవైపు నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మాజీ, మధ్యలో "రోమన్ సిటీ వెంచర్‌కు స్వాగతం". నేను ఆ ఫ్లెక్సీ కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయనే బండి ఆపి, తన తాతవి పిల్లికళ్లని, ముక్కు కూడా సూటిగా ఉండేదని, ఇంతకాలం కారణం తెలియక ఊరుకున్నామని చెప్పాడు. అవతలి పార్టీవాళ్లు రాజు పడుకున్నది తమ గట్టు లోపలేనని తహసీల్దారుకు అర్జీ పెట్టారు. బతికున్న రాజు వచ్చి ఉంటే ఆ ఊళ్లో ఎవరూ మంచినీళ్లు ఇచ్చి ఉండేవాళ్లు కాదు.

ఈ సంబరం జరుగుతుండగా నాలుగో గుంతలో పని మాత్రం ఆగలేదు. ఎందుకంటే రాజు దొరికాడు గనక ఇక తవ్వొద్దని పెద్దక్కకు ఎవరూ చెప్పలేదు. వదులు మట్టి అంతా తోడేశాక, పెట్టె అడుగున ఒక మూల గట్టి మట్టి తగిలింది. నిధికోసం తవ్వినవాళ్లు అక్కడిదాకా రాలేదు. ఆమె గడ్డపార పక్కన పెట్టి, వేపపుల్ల తీసుకుని బోర్లా పడుకుని గీకడం మొదలుపెట్టింది. మూడు రోజులు గీకింది. అడుగున పొట్టి కాళ్లున్న చిన్న మట్టితొట్టి బయటపడింది, మూరెడున్నర పొడవు. అందులో పిట్ట ఎముకల్లాంటి ఎముకలు, మెడ ఉండాల్సిన చోట ఎర్రరాతి పూసలు కొన్ని, తల దగ్గర ఒక చిన్న గిన్నె. బిడ్డ సమాధి. ఇది ఎవరూ ముట్టనిది, నిజమైనది, నా పదహారు మార్కుల జవాబులో లేనిది.

నేను పరుగెత్తి సారును పిలుచుకొచ్చాను. ఆయన గొడుగు కింద నిలబడి వంగి చూశాడు. పైనుంచి పెద్ద అధికారి వస్తున్నారని, డేరాలు, కుర్చీలు, పూలదండలు చూసుకోవాలని ఆయన తొందరలో ఉన్నాడు. "మనదేనా?" అన్నాడు. అవునన్నాను. ఫోటో తీసి పక్కన పెట్టమని వెళ్లిపోయాడు. పెద్దక్క మాత్రం తలకు చుట్టుకున్న కండువా తీసి, తడిపి, ఎండకు తొట్టి పగలకుండా దానిమీద కప్పింది. ఆడబిడ్డా మగబిడ్డా అని అడిగింది. అంత చిన్న ఎముకలతో చెప్పలేమన్నాను. కండువా కొస సర్దుతూ, "ఎవురో తల్లి పూసలేసి పంపించింది పాపా" అంది. ఆ మాట విన్నాక, నా ఫోటో కోసం, నా మోచేతి కోసం నేను చేసిన పని గుర్తొచ్చింది. అయినా డైరీ తెరిచి తొట్టి కొలతలు మాత్రమే రాసి మూసేశాను.

పెద్ద అధికారి వచ్చే రోజు పొద్దున్నే పెద్దక్క పనికి గోనెసంచితో వచ్చింది. ముందురోజు సాయంత్రం వాళ్ల మనవరాలికి బజ్జీలు కట్టిచ్చిన కాగితంలో మా ముక్క ఫోటో చూసిందట. అంతకుముందు ఆమె దాన్ని చూడనే లేదు; దొరికిన క్షణంలోనే నేను కొంగులో చుట్టుకుని పారిపోయాను కదా. ఆమె నన్ను డేరా వెనక్కి పిలిచి, సంచిలోంచి ఒక నిండు మంగళూరు పెంకు తీసింది. ఇళ్లకప్పుల మీద వేస్తారే, ఆ పెంకు. చదువురాని మనిషి, ఒక్కో అక్షరం ఆకారం వేలితో చూపిస్తూ పత్రిక ఫోటోతో సరిపోల్చింది.

"ఇదో, నీ రాజు ఈడ ఉండాడు. ఆయప్ప పక్కన ఇంకా అయిదక్షరాలు ఉండాయి పాపా. వాటినేమంటారు?"

నేను చదివాను. టీ, ఈ, ఆర్, ఈ, డీ. మొత్తం కలిపితే రిజిస్టర్డ్. కంపెనీవాళ్లు తమ గుర్తు ఎవరూ దొంగిలించకుండా అచ్చు వేసుకున్న మాట. ఆ ఊరి పాత గుడికి, మా చర్చిలాంటిదే, దొరల కాలంలో వేసిన పెంకులట అవి. గుడికి మిద్దె వేసినప్పుడు మంచివి ఇంటింటికీ పంచారు. పెద్దక్క వంటింటి మీద నూరు ఉన్నాయి. పగిలినవాటిని, దొంగలు తవ్వి వదిలేసిన ఆ గుంతలో గొర్రెలు పడకుండా వేసి పూడ్చారు. పూడ్చిన గంపల్లో నాలుగు పెద్దక్క మోసినవే. నాలుగో గుంత మొదలుపెట్టిన రోజు నాకు చెప్పబోయింది అదే. అంతా చెప్పి, చివర్న, నీలం చెప్పు పట్టీ కూడా తానే గంపలోంచి తీసి ఒక పక్కన పెట్టానని, కావలిస్తే ఇస్తానని అంది. కోపంగా అనలేదు. బస్సులో మరిచిపోయిన టిఫిన్ డబ్బా గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు అప్పుడు తన్నుకొచ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

పెంకు తీసుకుని సారు దగ్గరికి వెళ్లాను. ఆయన కొత్త చొక్కా వేసుకుని, మఖమల్ గుడ్డమీద మట్టిముక్కను అటూ ఇటూ జరుపుతున్నాడు. నిండు పెంకును ముక్క పక్కన పెట్టాను. చాలాసేపు రెండింటినీ చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత నాతో అన్న మాట నేను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పినా, చెప్పిన ప్రతిసారీ నవ్వు సగంలో ఆగిపోతుంది.

"అమ్మాయ్, లాటిన్‌లో టెరెడ్ అనే మాట ఏమైనా ఉందేమో ఒకసారి చూడు."

నేను మట్టికుప్ప ఎక్కి చూశాను కూడా. లేదు. దిగివచ్చి లేదని చెప్పాను. ఇంకో ఏడాదిలో ఉద్యోగం దిగిపోతున్నానని, ఈ ఒక్కరోజు గడవనిమ్మని, వాళ్లు వెళ్లాక తానే నెమ్మదిగా సరిదిద్దుతానని ఆయన నన్ను బతిమాలాడు. నా పైనున్న అధికారి నన్ను బతిమాలడం నా జీవితంలో అదే మొదలు, అదే చివర. ఆయన మీద కోపం రాలేదు. ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు. తప్పు జవాబు చెప్పింది నేను.

పదకొండింటికి కార్లు వచ్చాయి. మాజీ మేళం పెట్టించాడు. మా నాన్న నలుగురు సంఘపెద్దలను వెంటబెట్టుకుని ఆటోలో దిగి, ముందు వరుసలో కుర్చీలు పట్టుకున్నాడు. పెద్ద అధికారి ఒక మేడం. నేత చీర, నెరిసిన జుట్టు, దండ వేయబోతే చేత్తో ఆపేసింది. సారు వర్తకుడి కథ చెప్పాడు. ఆమె ముక్కను చేతిలోకి తీసుకుని, తిప్పి, అంచు గోటితో గీకి, దీన్ని తీసింది ఎవరని అడిగింది. సారు నన్ను చూపించాడు. ఆమె నావైపు తిరిగి, సారు అడిగిన ప్రశ్ననే అడిగింది.

"ఏ మట్టిలో దొరికింది?"

సారు నేలచూపు చూస్తున్నాడు. మా నాన్న సంతోషంగా నావైపే చూస్తున్నాడు. పక్కన కూర్చున్నాయన మోకాలిమీద తట్టి నన్ను చూపిస్తున్నాడు. తడి కండువా పక్కన పెద్దక్క గొంతుకూర్చుని ఉంది. ఆమె నన్ను చూడటం లేదు, కండువా మీద నీళ్లు చల్లుతోంది.

"పూడ్చిన మట్టిలో మేడం" అన్నాను. "దీంతోపాటు ప్లాస్టిక్ చెప్పు పట్టీ కూడా దొరికింది. నేను రాయలేదు. ఇది మంగళూరు పెంకు. మిగతా సగం మాట ఆ గోనెసంచిలో ఉంది."

మేళంవాళ్లకు ఏం అర్థమైందో గానీ, సరిగ్గా అప్పుడే ఒకసారి డోలు వాయించి ఆపేశారు. పెద్దక్క పెంకు తెచ్చి ఇచ్చింది. మేడం ఆ మాట మొత్తం చదివింది. ఆమె పెదవులు ఒక్కసారి బిగుసుకున్నాయి. నవ్వో కోపమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకేం దొరికిందని అడిగింది. నేను గుంతలో కండువా ఎత్తి చూపించాను. ఆమె చెప్పులు విడిచి, చీర దోపుకుని, గుంతలోకి దిగి, ఆ బిడ్డ పక్కన మట్టిలో కూర్చుంది. అరగంట కూర్చుంది. నన్ను, సారును ఏమీ అడగలేదు. ఏది ముందు కనిపించింది, మట్టి ఎక్కడ మారింది, పూసలు ఏ వరుసలో ఉన్నాయి అని అన్నీ పెద్దక్కనే అడిగింది. పెద్దక్క ఒక్కచోటా తడుముకోకుండా చెప్పింది. మేడం అదంతా తన చేత్తో రాసుకుంది.

పోతూ పోతూ, బిడ్డ తొట్టిని జాగ్రత్తగా మ్యూజియానికి చేర్చమని చెప్పింది. పెంకు సంగతి మాత్రం ఎవరూ ఎత్తవద్దంది. రాజు గురించి పైనుంచి ప్రకటన అప్పటికే వెళ్లిపోయిందట. వెళ్లిపోయిన ప్రకటన వెనక్కి రాదట. మర్నాడు పత్రికలో రాజు సమాధిని ఉన్నతాధికారి పరిశీలించారని వేశారు. బిడ్డ గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ రోజు మా నాన్నతో కలిసి ఆటోలోనే నందికొట్కూరు దాకా వచ్చాను. సంఘపెద్దలు నలుగురూ దారిపొడవునా చేలవైపు చూస్తూ కూర్చున్నారు. కర్నూలు బస్సు ఎక్కాక, టిక్కెట్లు తీసుకున్నాక, పెంకు ఎక్కడిదో ఆయన నన్ను అడిగి తెలుసుకుని, "ఎట్లైనా గుడి పెంకే గదమ్మా. బయట సొత్తేం కాదు" అన్నాడు. ఇంటికి వెళ్లాక ఆ మోచేతి ముక్కను బైబిల్లోంచి తీసెయ్యమని అమ్మతో అనలేదు. అదిప్పటికీ సామెతల గ్రంథం దగ్గరే ఉంది.

సారు నాతో వారం రోజులు మాట్లాడలేదు. తొట్టిని పెట్టెలో సర్ది లారీ ఎక్కించిన రోజు మాత్రం, కూలీలను ఆగమని, ఒక కొస తానే పట్టుకున్నాడు; ఇంకో కొస పెద్దక్క పట్టుకుంది. మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యాడు. నా తాత్కాలిక ఉద్యోగం గడువు ముగిసింది, ఎవరూ పొడిగించలేదు. మాజీ మాత్రం ఎవరు చెప్పినా వినకుండా రోడ్డుమీద సిమెంటు తోరణం కట్టించాడు, పైన రెండు సున్నపు సింహాలతో సహా. స్థలాలు కొన్నవాళ్లు ఇంకా ఇళ్లు కట్టలేదు; తోరణం నీడలో గొర్రెలు పడుకుంటాయి. అయితే అక్కడ బస్సు ఆగడం మొదలైంది. ఇప్పుడు కండక్టరు ఆ మలుపు రాగానే, "రోము దిగేటోళ్లు ఎవురప్పా, ముందుకు రాండి" అని కేకేస్తాడు. మా జిల్లాలో రోము ఉందని నిరూపించిన ఘనత ఆ విధంగా నాకే దక్కింది.

నేను ఇప్పుడు కర్నూలులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. పోయిన ఏడాది పెద్దక్క కంటి ఆపరేషనుకు వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. కట్టు విప్పాక, ఏం చూస్తావక్కా అని అడిగితే, ఆ బిడ్డ యాడుండాదో చూడాలంది. మ్యూజియానికి తీసుకెళ్లాను. వెనక గదిలో, కిటికీ పక్కన, అద్దాల పెట్టెలో ఉంది. పూసలు కూడా ఉన్నాయి, దారానికి గుచ్చి పెట్టారు. పక్కన చిన్న కార్డు. దానిమీద కాలం, కొలతలు, వెలికితీసినవారుగా పెద్దసారు పేరు. ఇరవైమూడేళ్ల వయసులో నేనైతే ఆ కార్డు చూసి రెండు రాత్రులు నిద్రపోయేదాన్ని కాదు. నా పేరేదని ఉత్తరాలు రాసేదాన్ని, మట్టికుప్పలు ఎక్కి ఫోన్లు చేసేదాన్ని. ఆ ఇరవైమూడేళ్ల పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

పెద్దక్క కార్డు చదవమని అడగలేదు. వంగి, కొత్త కళ్లతో చాలాసేపు చూసి, ఒక పూస తిరగబడి ఉందని గొణిగి, సరిచేద్దామన్నట్టు అద్దం మీద వేలు పెట్టింది. మూల స్టూలు మీద కునుకుతున్న కాపలా మనిషి లేచి వచ్చి, "ముట్టగూడదమ్మా, శానా పాతది" అన్నాడు.

పెద్దక్క వేలు తీసేసింది. "అట్లనా నాయనా" అని, చేతులు వెనక్కి కట్టుకుని, నావైపు చూసింది.